బిందె మీద చెయ్యి

“స్వర్ణా, పొయ్యి తగ్గించి ఇట్లా రామ్మా. సోమల ఊరివాళ్ళు బిందె తీసుకున్నారు, పేరు వేయల్ల.”

అంగట్లోంచి మా మామ దొరస్వామి కేక. చారు పొంగుకొస్తోంది, చంకలో పాప జారిపోతోంది, చేతికి పసుపు. అయినా “వస్తాండా మామా” అన్నాను. ఈ ఇంట్లో నాకు బాగా అలవాటైన మాట అదే.

పుంగనూరు బజారువీధిలో మాది స్టీలు సామాన్ల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. పెళ్ళిళ్ళ కాలం వస్తే చదివింపులకని బిందెలూ గంగాళాలూ కొనేవాళ్ళు వాటి మీద తమ పేర్లు వేయించుకుని పోతారు. ఆ పేర్లు వేసేది నేను. కరెంటుతో ఆడే చిన్న మిషన్, పెన్నులాగా పట్టుకుంటే దాని ముల్లు గుర్రుమని అదురుతూ స్టీలు మీద అక్షరాలు పొడుస్తుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో నా చేతిరాత చూసి మామ మురిసిపోయి, అంతకు ముందు ఆ పని చేసే మనిషిని మాన్పించేశాడు. ఆ మనిషికి జీతం ఉండేది. నాకు మెచ్చుకోలు ఉంది. “మా కోడలి అక్షరాలు ముత్యాలప్పా” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు, నేను చేతులు కడుక్కునే లోపు వంటింట్లో చారు మాడిపోతుంది, దానికి మా అత్త మునిలక్ష్మమ్మ వేరే మాటలు చెబుతుంది. రెండు చోట్లా పని నాదే, రెండు చోట్లా యజమానులు వేరే.

పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పేర్లు వేయడం నాకు అలవాటు. పాప పేరు చంద్రిక. బిందె మీద అరచేయి ఆనించి, మిషన్ గుర్రుమనగానే కళ్ళు పెద్దవి చేసి కిలకిలా నవ్వుతుంది. బోసినోట్లో ఉన్న రెండు పళ్ళూ కనిపించేలా నవ్వుతుంది. ఆ నవ్వు చూడ్డానికి అంగడికి వచ్చినవాళ్ళు కూడా నిలబడిపోతారు. “సూడప్పా, మిషన్ సద్దు వింటే ఎట్ల నగుతుందో!” అంటాడు మామ. “అంగట్లో పుట్టిన బిడ్డ. సద్దంటే భయమే లేదు దానికి.”

భయం లేకపోవడం అందరికీ ముద్దుగా ఉండేది. గిన్నెల దొంతర దబ్బున పడినా ఉయ్యాల్లో పాప నిద్రలేవదు. వీధిలో లారీ హారన్ కొట్టినా కదలదు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ పోయి వచ్చే ఆడవాళ్ళంతా “ఎంత నెమ్మదైన బిడ్డ మునిలక్ష్మమ్మా!” అంటే మా అత్త పొంగిపోయేది. “తల్లి పోలిక. మా స్వర్ణా అంతే, నోట్లో నాలుక లేదు” అనేది. నిజం చెప్పాలంటే నేను కూడా ఆ మాటలకి మురిసిపోయినదాన్నే. ఇంకెవరింట్లోనైనా పిల్ల ఏడిస్తే తల్లిని తిడతారు, నాకు ఆ బాధ లేదు కదా అని అనుకునేదాన్ని.

వేసవి ముహూర్తాలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం. పాప నాకు వీపు తిప్పి కూర్చుని టిఫిన్ బాక్సు మూత నాకుతోంది. నేను గంగాళం మీద పేరు వేయడం మొదలుపెట్టాను. గుర్రుమని మిషన్ మొత్తుకుంటోంది. పాప నవ్వలేదు. తిరగలేదు. మూత నాకుతూనే ఉంది. నాకు ఎందుకో చెయ్యి ఆగింది. మిషన్ ఆపకుండా పాప చెవి దగ్గరికి తెచ్చాను, వెనక నుంచి. ఏమీ లేదు. దాని అరచేయి పట్టుకుని గంగాళం మీద పెట్టాను. కిలకిలా నవ్వింది. చెయ్యి తీశాను. నవ్వు ఆగింది. మళ్ళీ పెట్టాను, నవ్వింది. సోమలవాళ్ళో, చౌడేపల్లెవాళ్ళో గుర్తులేదు, “ఏమ్మా, పేరు సగంలో ఆపేసినావే” అని అడుగుతున్నారు.

ఇన్నాళ్ళూ నా బిడ్డ విన్నది లేదు. చేతికి తగిలిన అదురుకు నవ్వింది, అంతే.

మా అత్తకు చెప్పాను. ఆమె నవ్వేసి, పాపను బల్ల మీద పడుకోబెట్టి పక్కన అరచేత్తో దబ్బుమని కొట్టింది. పాప ఉలిక్కిపడింది. “సూసినావా? చెవుల్లేని బిడ్డయితే ఎట్ల బెదురుతాది?” అంది. నేను పాపను భుజాన వేసుకుని, “ఇప్పుడు కొట్టు అత్తా” అన్నాను. బల్ల విరిగేంత గట్టిగా కొట్టింది. పాప నా పుస్తెల తాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూనే ఉంది. అత్త మొహం ఒక్క క్షణం మారింది. నేను చూశాను. వెంటనే సర్దుకుంది. “ఎత్తుకుంటే తల్లి దగ్గర ధైర్యం. అందుకే బెదరలేదు. పో, పోయి చింతపండు నానబెట్టు” అంది. ఆమె దగ్గర దేనికైనా జవాబు ఉంటుంది.

మదనపల్లెలో మా అమ్మ చెంగమ్మకు ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి పాపను తీసుకుని పుట్టింటికి పోయాను. అక్కడ పిల్లల డాక్టరమ్మ ఒకామె, పాపను బొమ్మ చూపించి ఆడిస్తూ, వెనక నుంచి నర్సు చేత గంట వాయించింది. ఇటు నుంచి, అటు నుంచి, మెల్లగా, గట్టిగా. తర్వాత నా వైపు చూసి, “ఇక్కడ తేల్చి చెప్పే పరికరాలు లేవమ్మా. బెంగళూరుకు పోయి పరీక్ష చేయించండి. అవసరమైతే చెవికి మిషన్ పెడతారు. మాటలు నేర్చే వయసు ఇదే, పోతే మళ్ళీ రాదు. వానలు పడ్డాక పోదాం, పండగ అయ్యాక పోదాం అని మాత్రం అనొద్దు” అంది. ఏడుస్తున్న నన్ను కాసేపు ఏడవనిచ్చి, ఇంకో మాట చెప్పింది. “అంతవరకు ఇంట్లో ఊరికే ఉండొద్దు. ముఖంలో ముఖం పెట్టి మాట్లాడండి. పెదాలు కనబడాలి. తాకనివ్వండి, వాసన చూడనివ్వండి, వెలుతురుతో ఆడించండి. తెలిసే దారులు ఇంకా చాలా ఉన్నాయి.”

ఇంటికొచ్చి ఆ దారులన్నీ తెరవడం మొదలుపెట్టాను. వేరే సమయం ఎవరిస్తారు? ఉన్న పనిలోనే. రాగిపిండి జల్లిస్తూ చేతులు అందులో పెట్టనిచ్చాను. వేరుశనగ కాయలు ఒలిచేటప్పుడు గలగల్లాడే పొట్టు మీద కూర్చోబెట్టాను. కొత్తిమీర నలిపి ముక్కు దగ్గర పెట్టి, “కొత్తిమీర” అని పెదాలు సాగదీసి చెప్పాను. టమాటా పిసికించాను, చన్నీళ్ళలో ఒక చెయ్యి, వెచ్చని నీళ్ళలో ఒక చెయ్యి పెట్టించాను. అంగట్లో కొత్త పళ్ళెం తీసుకుని గుమ్మంలో పడే ఎండను గోడ మీదికి తిప్పితే, ఆ వెలుగు ముద్ద వెంట పాప పాకుతూ పోయేది. దాని పేరు ఒక గ్లాసు మీద వేశాను, చెయ్యి పెట్టించి, ఒక్కొక్క అక్షరానికి ముఖం చూసి “చం... ద్రి... క” అంటూ. ఆ పేరు దాని చేతికి తెలిసింది, చెవికి తెలియదు. ఎక్కువ ఇష్టమైన ఆట ఇంకొకటి కనిపెట్టాం మేమిద్దరం. నా గొంతు మీద దాని అరచేయి ఆనించుకుని మాట్లాడితే, మిషన్ అదురుకు నవ్వినట్టే నవ్వేది. కాకపోతే మెల్లగా మాట్లాడటం అలవాటైన గొంతు కదా నాది, కొంచెంగా నవ్వేది.

“పిండంతా నేలపాలు, పొట్టంతా ఇల్లంతా! ఏమి ఆటలమ్మా ఇవి? మేమెవురం బిడ్డల్ని కనలేదా?” అని అత్త. “పళ్ళెం గీతలు పడితే ఎవురు కొంటారు?” అని మామ. పిండి ఊడ్చేదీ నేనే, పొట్టు ఎత్తేదీ నేనే, పళ్ళెం తుడిచి మళ్ళీ వరసలో పెట్టేదీ నేనే. ఆ మాట పైకి అనలేదు.

నా భర్త లోకేష్‌కు అన్నీ చెప్పాను, చేసి చూపించాను. బిందె, చెయ్యి, మిషన్. చెయ్యి పెడితే నవ్వు, తీస్తే లేదు. ఆయన చాలాసేపు పాప కాళ్ళ వేళ్ళు నిమురుతూ కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ధైర్యం వచ్చింది, ఇక పోతామనుకున్నాను. అప్పుడు అన్నాడు, “అనూష నిశ్చితార్థం కానీ స్వర్ణా.”

అనూష మా ఆడబిడ్డ. కుప్పంలో అరుణ్ కుమార్ అనే అబ్బాయితో సంబంధం కుదురుతోంది, మందుల అంగడి ఉంది వాళ్ళకి. “ఇంట్లో చెవుడుందని తెలిస్తే, వాళ్ళు రక్తంలోనే ఉండాదనుకుంటారు. అంతదాకా ఎందుకు, నిశ్చితార్థం అయిపోతే పోదాం” అన్నాడు. సరే అన్నాను. పెళ్ళికి ముహూర్తం ఆషాఢం ముందు దొరకలేదు. “పెండ్లి అయిపోనీ, శ్రావణంలో కదా” అన్నాడు. దానికీ సరే అన్నాను. నిశ్చితార్థం వారం ఉందనగా అన్నం తింటూ అన్నాడు, “పెండ్లయినాక కూడా తొందరపడకూడదు. అనూషకు ఒక బిడ్డ పుట్టి, బాగుండాదని తెలిస్తే అప్పుడు ఎవురూ ఏమీ అనలేరు.”

అప్పటికి పాపకు ఎంత వయసు వస్తుందో నేను లెక్క వేసుకున్నాను. ఆయన పెరుగు కలుపుకున్నాడు.

“డాక్టరమ్మ వయసు పోతే రాదనింది కదా” అన్నాను. గోడకానుకుని ఆకులు కత్తిరిస్తున్న అత్త అందుకుంది. “ఆడబిడ్డకు మాటలు రొంత ఆలస్యమైతే ఏమి మునిగిపోయింది? నీకు మాత్రం ఎన్ని మాటలు ఉండాయి? కాపురం సేసుకుంటా లేవా నువ్వు?”

ఆమె తిట్టలేదు. ఎగతాళి చెయ్యలేదు. నన్ను మెచ్చుకుంటూ అంది, అదే నాకు కత్తి దిగినట్టయింది. ఎన్నేళ్ళుగా ఆ మెచ్చుకోలు తిని బతికాను! చారు మాడితే నోరు మూసుకున్నాను. జీతం మాట ఎత్తలేదు. పుట్టింటికి పోవాలంటే అమ్మకు జబ్బు తెప్పించాను. ఇదంతా నా మంచితనం అనుకున్నాను. వాళ్ళకు మాత్రం మాటలు రాని ఆడమనిషి ఇంట్లో ఉంటే ఎంత సుఖమో నన్ను చూసి తెలిసింది. నా బిడ్డ మూగదైపోయినా ఫర్వాలేదు అనడానికి నేనే ఉదాహరణ అయ్యాను. ఆ రోజు అన్నం పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను. ఎవరూ ఎందుకని అడగలేదు, కడగాల్సిన పళ్ళాలు మాత్రం నాకోసం అట్లాగే ఉన్నాయి.

నిశ్చితార్థం రోజు పొద్దున వంటింట్లో అనూష నా పక్కన వచ్చి కూర్చుంది. తలంటుకున్న జుట్టు, కొత్త గాజులు. ఆ పిల్లంటే నాకు ప్రాణం, ఆ ఇంట్లో నన్ను ‘తిన్నావా వదినా’ అని అడిగేది అదొక్కతే. నా చేతిలోని బీన్స్ తీసుకుని తుంచుతూ, తలెత్తకుండా అంది. “వదినా, నాకు తెలుసు. అన్న చెప్పినాడు. ఈ ఒక్క దినం ఊరకుండు వదినా. కుప్పం అబ్బాయి నాకు నచ్చినాడు.”

మా అత్తతో, మొగుడితో లోపల ఎంత కొట్లాడినా నాకు బలం ఉండేది. ఈ పిల్ల కొత్తగాజుల చేతులు చూస్తే బలమంతా పోయింది. “నేనేం అననులే, పో, పూలు పెట్టుకో” అన్నాను. నిజంగానే అనుకున్నాను ఆ మాట. ఈ రోజుకు ఊరుకుందాం, రేపు మళ్ళీ అడుగుదాం అని. పాపను ఉయ్యాల్లో వేసి ఉప్మా కలిపాను.

కుప్పంవాళ్ళు పది గంటలకు వచ్చారు. నడవంతా చాపలు, తాంబూలం పళ్ళాలు. పెళ్ళికొడుకు తల్లి రామక్క నవ్వుమొహం మనిషి, వచ్చీరాగానే “ఏదీ, మనవరాలు యాడ?” అని పాపను ఒళ్ళోకి తీసుకుంది. ముద్దాడింది, చక్కిలిగింతలు పెట్టింది. తర్వాత పాప అటు తిరిగి పూల పళ్ళెం వైపు పాకుతుంటే వెనక నుంచి పిలిచింది. “చంద్రికా! చంద్రికమ్మా! ఇట్ల సూడు!” చప్పట్లు కొట్టింది. గాజులు ఆడించింది. పాప ఒక చామంతి తీసి రేకులు పీకుతోంది.

“ఏమి, పిలిస్తే తిరగదే ఈ బిడ్డ?” అంది రామక్క. నవ్వుతూనే అడిగింది, కానీ కళ్ళు నవ్వలేదు. పరదా పక్కన అనూష ముఖం తెల్లబోయింది.

“అంగడి బిడ్డ రామక్కా, సద్దు అలవాటైపోయి పట్టించుకోదు” అంది అత్త గబగబా. “మిషన్ సద్దంటే మాత్రం పడిపడి నగుతాది. ఒరే లోకేష్, మిషన్ తేరా! ఎట్లా మీకని పెద్ద బిందె తీసి పెట్టినాం, పెండ్లిపిల్లల పేర్లు ఇప్పుడే వేయిద్దాం. రా స్వర్ణా, బిడ్డను ఎత్తుకోని రా.”

లోకేష్ మిషన్ తెచ్చాడు. తీగ గోడకు తగిలించి, వంగి నా ముందు బిందె పెడుతూ, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు. “చెయ్యి పెట్టించు.”

అంతా తెలిసిన మనిషి. కళ్ళలో నీళ్ళు పెట్టుకున్న మనిషి. నోరు మూసుకోమంటే మూసుకునేదాన్నే ఆ రోజుకి, అనూష కోసం. కానీ ఇది నోరు మూసుకోవడం కాదు. నా చేత్తో, నా పనితో, నా బిడ్డ నవ్వుతో అబద్ధం చెప్పించడం. ఆ బిడ్డ లోకాన్ని తెలుసుకునే దారిని నా చేతే మోసానికి వాడిస్తున్నారు. చాప మీద కూర్చున్నాను, పాపను ఒళ్ళో పెట్టుకున్నాను.

పాపకు ఈ ఆట తెలుసు. బిందెను చూడగానే తనే అరచేయి ఆనించింది. మిషన్ నొక్కాను. ‘అ’ అన్న అక్షరం మొదలుపెట్టానో లేదో కిలకిలా నవ్వింది. నడవంతా ఊపిరి పీల్చుకుంది. “చెప్పినా కదా!” అంది అత్త. “అబ్బ, ఏమి నగు!” అంది రామక్క. మామ గట్టిగా నవ్వాడు. అనూష కళ్ళు తుడుచుకుంది. ఆ అక్షరం పూర్తిచేస్తే చాలు, అందరూ సంతోషంగా ఉప్మా తింటారు.

ఎడమచేత్తో పాప అరచేయి పట్టుకుని బిందె మీద నుంచి ఎత్తాను.

మిషన్ ఆగలేదు, గుర్రుమంటూనే ఉంది. పాప నవ్వు ఆగిపోయింది. ఇందాకటిది ఏమైందా అని నా ముఖంలోకి చూసింది. చెయ్యి మళ్ళీ పెట్టాను. నవ్వింది. తీశాను. లేదు. ఇంకొకసారి పెట్టాను, తీశాను. నేను ఎవరి వైపూ చూడలేదు. రామక్క ముగ్గురు బిడ్డల్ని పెంచిన మనిషి, “అయ్యో తల్లీ” అని ఆమె గొంతులోంచి మెల్లగా వచ్చింది.

“స్వర్ణా!” అన్నాడు లోకేష్. “మిషన్ ఆపు” అని అరిచింది అత్త.

ఆపాను. పాప ఇంకా నా ముఖమే చూస్తోంది. దాని అరచేతిని నా గొంతు మీద ఆనించుకున్నాను, మేము రోజూ ఆడుకునేటట్టే.

“ఈ బిడ్డకు వినపడదు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. “చెవుడు రక్తంలో ఉండాదో లేదో నాకు తెలియదు, డాక్టర్లు చెప్తారు. అనూష బంగారం లాంటి పిల్ల, దీనికోసం దాన్ని వద్దంటే నష్టం మీదే. రేపు పొద్దున మొదటి బస్సుకు నేను బిడ్డను ఎత్తుకోని బెంగళూరుకు పోతాండా. వచ్చేవాళ్ళు రాండి, రానివాళ్ళు ఇంట్లో ఉండి అన్నం వండుకోండి.”

పాప ఒక్కతే పకపకా నవ్వింది. చెయ్యి నా గొంతు మీద నుంచి తియ్యకుండా, మళ్ళీ అను, మళ్ళీ అను అన్నట్టు ఎగిరెగిరి నవ్వింది. అంత గట్టిగా మోగే గొంతు దాని చేతికి ఎప్పుడూ తగల్లేదు మరి.